సేఫ్టీలో పై చదువు: డిప్లొమానా, ఎం.టెక్.నా, మేనేజ్‌మెంటా? సరిహద్దు జిల్లాల ఇంజనీర్లకు ఒక పోలిక

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, గజపతి, గంజాం జిల్లాల్లోని తెలుగు ఇళ్ల నుంచి ఇంజనీరింగు చదువుకున్న వారికి ఉద్యోగాలు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. ఇటు జేకేపూర్ కాగితం మిల్లు, తెరుబలి ఫెర్రో అల్లాయ్ కొలుములు, కాశీపురం వైపు ఉత్కళ్ అల్యూమినా, దామంజోడిలో నాల్కో శుద్ధి కర్మాగారం, సునాబెడలో హెచ్ఏఎల్, ఛత్రపురం దగ్గర ఐఆర్ఈఎల్ ఉన్నాయి. అటు విశాఖ ఉక్కు కర్మాగారం, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ ఉన్నాయి. వీటన్నింటిలోనూ సేఫ్టీ విభాగం ఉంటుంది కాబట్టి, ప్రొడక్షన్‌లోనో మెయింటెనెన్స్‌లోనో ఒకటి రెండేళ్లు గడిపిన యువకులు సేఫ్టీ వైపు రావాలనుకోవడం, వచ్చే ముందు ఏ కోర్సులో చేరాలని అడగడం మామూలైపోయింది. ఏడాది డిప్లొమా, రెండేళ్ల ఎం.టెక్., సిస్టమ్స్ ఇంజనీరింగులో పీజీ, మేనేజ్‌మెంట్ పీజీ, విదేశీ ఎం.ఎస్., ఇవి కాక నెబోష్ వంటి సర్టిఫికెట్లు అన్నీ ఒకే పేరుతో, ఒకే రకం ప్రకటనలతో అమ్ముడుపోతున్నందువల్ల ఈ ప్రశ్నకు జవాబు తేలిక కాదు.

కాలేజీల ర్యాంకులు చూసి తేల్చుకోవడం ఈ విషయంలో పెద్దగా ఉపయోగపడదని నా అభిప్రాయం. మీరు చేయదలచిన పని ఏమిటో ముందు తేలాలి. చట్టం కోరే సేఫ్టీ ఆఫీసరు పదవి ఒకటి. కర్మాగారాన్ని కట్టకముందే కాగితం మీద ప్రమాదాలను లెక్కగట్టే ఇంజనీరు పని మరొకటి. మనుషులు, యంత్రాలు, కాంట్రాక్టులు, బడ్జెట్లు అన్నిటినీ కలిపి ఒకే వ్యవస్థగా నడిపే అధికారి పని ఇంకొకటి. ఈ మూడింటికీ కావలసిన చదువులు వేరు, ఒకదాని పట్టా మరొకదానికి అన్నిసార్లూ చెల్లదు.

చట్టం ఏమంటుంది

1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగిన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ప్రమాదకర ప్రక్రియల గురించి ఒక ప్రత్యేక అధ్యాయం చేర్చారు. అంతకుముందు నుంచే ఆ చట్టంలోని 40-బి సెక్షను వెయ్యిమంది లేదా అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలలోను, ప్రభుత్వం ప్రమాదకరమని భావించి ప్రకటించిన చోట్లా సేఫ్టీ ఆఫీసర్లను నియమించాలని చెబుతూ వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఈ హద్దును బాగా దించింది. మామూలు ఫ్యాక్టరీకి 500 మంది, ప్రమాదకర ప్రక్రియ నడిచే ఫ్యాక్టరీకి 250 మంది, భవన నిర్మాణ పనులకు 250 మంది, గనికి 100 మంది ఉంటే చాలు, సేఫ్టీ ఆఫీసరు ఉండి తీరాలి. ఇంతకాలం ఈ నిబంధన అంటని మధ్యస్థాయి ఫ్యాక్టరీలు, పెద్ద కాంట్రాక్టర్ల నిర్మాణ స్థలాలు ఇప్పుడు దీని కిందికి వస్తాయి కాబట్టి ఉద్యోగాల సంఖ్య పెరుగుతుందని ఆశించవచ్చు.

అయితే అర్హతలను నిర్ణయించేది రాష్ట్రాల నియమాలు. చాలా రాష్ట్రాల నియమాలు ఒకే మూసలో ఉంటాయి, వాటిలో మూడు షరతులు కనిపిస్తాయి. మొదటిది ఇంజనీరింగు డిగ్రీతోపాటు ఫ్యాక్టరీలో పర్యవేక్షక స్థాయిలో రెండేళ్ల అనుభవం. ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ డిగ్రీవారికి, పాలిటెక్నిక్ డిప్లొమావారికి ఇది ఐదేళ్లు. రెండోది పారిశ్రామిక భద్రతలో ఆ రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన డిగ్రీ లేదా డిప్లొమా. మూడోది ఆ ప్రాంతంలో ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష తగినంతగా తెలిసి ఉండడం. కొత్త కోడ్ కింద రాష్ట్రాలు తమ నియమాలను తిరిగి రాసుకుంటున్న సమయమిది కాబట్టి, దరఖాస్తు చేసే నాటికి అమల్లో ఉన్న పాఠాన్ని చదువుకోవడం అవసరం.

రెండో షరతులోని ‘ఆ రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన’ అన్న మాటే సరిహద్దు వాసులను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక సంస్థ ఇచ్చిన డిప్లొమా ఒడిశా ఫ్యాక్టరీల డైరెక్టరేట్ ముందు తనంతట తాను చెల్లుబాటు కాదు, ఇక్కడిది అక్కడా అంతే. ఏడాది చదివి, ఫీజు కట్టి, తీరా నియామకం వేళకు ఇన్‌స్పెక్టరు అభ్యంతరం చెబితే యాజమాన్యం కూడా ఏమీ చేయలేదు.

ఏడాది డిప్లొమా

ఈ చిక్కు లేనిది కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ కింద డీజీఎఫ్ఏఎస్ఎల్ఐ నడిపే అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఇన్ ఇండస్ట్రియల్ సేఫ్టీ. ముంబయి సయన్‌లోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లోను, చెన్నై, కోల్‌కతా, కాన్పూర్, ఫరీదాబాద్‌లలోని ప్రాంతీయ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లలోను ఇది ఏడాదిపాటు పూర్తికాలం సాగుతుంది. వీటిలో చెన్నై, కోల్‌కతా మనకు దగ్గర. బరంపురం హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీదే ఉంది, రాయగడ వారు విజయనగరం వెళ్లి బండి మారితే సరిపోతుంది. రాష్ట్రాల సాంకేతిక విద్యా మండళ్లు గుర్తించిన సంస్థల్లోనూ ఈ తరహా డిప్లొమాలున్నాయి. అవి చౌకగా, దగ్గరగా దొరికినా, పైన చెప్పిన గుర్తింపు చిక్కు వాటికి ఉంటుంది.

ఇందులో నేర్పేది దాదాపు రోజువారీ పనే. ఒక ఉదాహరణ చూస్తే ఈ చదువు విలువ తెలుస్తుంది. కాగితం మిల్లులో షట్‌డౌన్ రోజుల్లో ఒక పాత్రలోకి మనుషులు దిగి శుభ్రం చేయాలి. దిగే ముందు గ్యాస్ మీటరును తాడుతో వదిలి పైన, నడుమ, అడుగున మూడు చోట్లా గాలిని కొలవాలి. పల్ప్ తయారీలో వెలువడే హైడ్రోజన్ సల్ఫైడు గాలికన్నా బరువైనది కాబట్టి, మూత దగ్గర ఆక్సిజన్ బాగానే ఉన్నా అడుగున ప్రాణం తీసేంత విషవాయువు ఉండవచ్చు. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే ఎవరినీ దింపకూడదు. బయట ఒక మనిషి కదలకుండా నిలబడి ఉండాలి, లోపలివాడు పడిపోతే తానూ లోపలికి దూకకూడదని అతనికి ముందే చెప్పి ఉండాలి. ఇలాంటి ప్రమాదాల్లో రక్షించడానికి దిగినవారే ఎక్కువగా చనిపోతుంటారు. పర్మిట్ కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. దాని మీద వేలిముద్ర వేసేది మునిగుడ వైపు నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీ, అతని భాష కువి. చట్టంలోని భాషా షరతు ఎందుకుందో ఈ కాగితం చూస్తే తెలుస్తుంది. తెలుగు, ఒడియా రెండూ వచ్చి, కాస్త కువి అర్థమయ్యే ఈ ప్రాంతపు ఇంజనీరుకు బయటి రాష్ట్రం నుంచి వచ్చిన అభ్యర్థి మీద ఉండే ఆధిక్యం ఇక్కడే. దీన్ని బయోడేటాలో చివరి పంక్తిలో కాక మొదట్లోనే రాసుకోవాలి.

డిప్లొమాకు పరిమితులూ ఉన్నాయి. స్టైపెండు ఉండదు. కంపెనీ స్పాన్సర్ చేయకపోతే ఏడాదిపాటు జీతం పోతుంది. పరిశోధన వైపు గానీ, డిజైన్ సంస్థల వైపు గానీ ఇది దారి చూపదు.

ఒకే ప్రమాదం, మూడు చూపులు

ఈ కోర్సుల తేడా సిలబస్ పట్టికలు చదివితే అంతగా తెలియదు. మనకు దగ్గరలో జరిగిన ఒక ప్రమాదాన్ని ఒక్కొక్క చదువు ఎలా చూస్తుందో ఊహించుకుంటే స్పష్టంగా తెలుస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ట్యాంకు నుంచి ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్ వల్ల కర్మాగారం వారాల తరబడి ఆగిపోయి ఉంది, ట్యాంకు మాత్రం నిండుగా ఉంది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ఆ జులైలో నివేదిక ఇచ్చింది.

డిప్లొమా చదివిన ఆఫీసరు అడిగే మొదటి ప్రశ్నలు ఇవి: సైరను ఎందుకు మోగలేదు? ఊరివారికి ఎటు పరుగెత్తాలో ఎప్పుడైనా మాక్ డ్రిల్‌లో చెప్పారా? రాత్రి షిఫ్టులో ఎవరున్నారు? ఇవి చిన్న ప్రశ్నలు కావు. సైరను మోగి ఉంటే నిద్రలో ఉన్నవారు లేచేవారు.

పారిశ్రామిక భద్రతలో ఎం.టెక్. చేసినవారు ట్యాంకు లోపలికి చూస్తారు. స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారే ద్రవం, ఆ చర్యలో వేడి పుడుతుంది, ఆ వేడి చర్యను ఇంకా వేగవంతం చేస్తుంది. దాన్ని ఆపడానికి టీబీసీ అనే నిరోధకాన్ని కలుపుతారు, అది పనిచేయాలంటే ద్రవంలో కరిగిన ఆక్సిజన్ కూడా ఉండాలి. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలుస్తుంటే, కలబోత సరిగా లేని ద్రవంలో పై పొరలు వేడెక్కుతున్న సంగతి కొలత పరికరంలో కనిపించదు. అడుగున రీడింగు మామూలుగా ఉంటుంది, పైన చర్య అదుపు తప్పుతుంటుంది. దీన్ని సమీకరణాలతో ముందే ఊహించగలగడం ఆ చదువు నేర్పే విద్య.

సిస్టమ్స్ చదివినవారు అక్కడితో ఆగరు. అంతకు కొన్ని నెలల ముందు, 2019 డిసెంబరులో, ట్యాంకులోని ద్రవాన్ని తిప్పే పైపుల అమరికను మార్చారని, దానివల్ల కలబోత దెబ్బతిన్నదని కమిటీ గుర్తించింది. ఆ మార్పును ఎవరు ఆమోదించారు, దాని పర్యవసానాన్ని ఎవరైనా సమీక్షించారా అన్నది వారి ప్రశ్న. శీతలీకరణను రాత్రిపూట ఆపడం అలవాటుగా ఎలా మారింది, నిరోధకం నిల్వ అయిపోతుంటే కొనుగోలు విభాగానికి కబురు ఎందుకు వెళ్లలేదు, లాక్‌డౌన్‌లో నిండు ట్యాంకును అలాగే ఉంచాలన్న నిర్ణయం ఏ స్థాయిలో జరిగింది అని కూడా అడుగుతారు. వారి దృష్టిలో ఇక్కడ చెడిపోయిన వాల్వు కంటే, ఒకరు తీసుకున్న నిర్ణయం మరొకరికి చేరని ఏర్పాటే అసలు లోపం.

ఈ మూడు రకాల ప్రశ్నలలో మీ మనసు సహజంగా దేని వైపు పోతుందో గమనించుకోండి. కోర్సు ఎంచుకోవడానికి బ్రోషర్లకన్నా అది నమ్మదగిన ఆధారమని నా అనుభవం.

ఎం.టెక్., సిస్టమ్స్ చదువులు

పారిశ్రామిక భద్రతలో ఎం.టెక్. అనగానే ముందు చెప్పుకోవలసింది తిరుచిరాపల్లి ఎన్ఐటీ. తమిళనాడులో శివకాశి మెప్కో ష్లెంక్ వంటి కాలేజీలలోనూ ఈ కోర్సు ఉంది. బాణసంచా పరిశ్రమ మధ్య ఉన్నందున అక్కడి విద్యార్థులకు పేలుడు పదార్థాల భద్రత ఎదురుగా కనిపించే విషయం. డెహ్రాడూన్ యూపీఈఎస్‌లో చమురు, సహజవాయు రంగం వైపు మొగ్గు ఉంటుంది, ఫీజులు మాత్రం ప్రైవేటు సంస్థ స్థాయిలోనే ఉంటాయి.

గేట్ ద్వారా ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ఆమోదమున్న సంస్థలో పూర్తికాలం ఎం.టెక్.లో చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ దక్కుతుంది. సరిహద్దు వాసులకు మరో సౌకర్యం కూడా ఉంది. బి.టెక్. సీట్లలో ఎన్ఐటీలకు సొంత రాష్ట్రం కోటా ఉంటుంది గానీ, సీసీఎంటీ అనే కేంద్రీకృత కౌన్సెలింగు ద్వారా జరిగే ఎం.టెక్. ప్రవేశాల్లో అది లేదు. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల సొంత కౌన్సెలింగులలో స్థానికత నిబంధన మన పిల్లలను వెనక్కి నెడుతుంది; కాబట్టి ఒడిశాలో చదువుకున్న తెలుగువారు గేట్ మీద ఆధారపడడమే మేలు. రిజర్వేషను కోరేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఓబీసీ కేంద్ర జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. శ్రీకాకుళంలో ఉన్న మేనమామకు వర్తించే కులం ఒడిశా జాబితాలో లేకపోవచ్చు, ఉన్నా వేరే పేరుతో ఉండవచ్చు. గజెట్ చూసి, ధ్రువపత్రం ముందే తీసుకోవాలి.

సిస్టమ్స్ వైపు ఖరగ్‌పూర్ ఐఐటీలోని ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్ విభాగం నాకు మొదట తోచే పేరు. భద్రతా విశ్లేషణకు అక్కడ ప్రత్యేకంగా ఒక ఉత్కృష్టతా కేంద్రం ఉంది. ప్రమాదాల నివేదికలను, సమీప ప్రమాదాల రికార్డులను గణాంక పద్ధతులతో చదవడం అక్కడి పరిశోధనలో ముఖ్యభాగం. మహారాష్ట్ర వైపు సిరొంచ, చంద్రపూర్, రాజురా తెలుగువారికి నాగపూర్ వీఎన్ఐటీలోని ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ దగ్గర. ఈ తరహా చదువుల్లో మీరు నేర్చుకునేవి 1960లలో ఐసీఐ సంస్థలో రూపుదిద్దుకున్న హాజోప్ (డిజైనును భాగం భాగంగా పరిశీలించి ప్రమాదాలను వెతికే పద్ధతి), మినిట్‌మ్యాన్ క్షిపణి కోసం 1962లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఫాల్ట్ ట్రీ (ఒక వైఫల్యానికి దారితీసే కారణాలను చెట్టులా గీసి చూడడం), ప్రమాదాన్ని వ్యవస్థ అదుపులోని లోపంగా చూసే, ఎంఐటీ ఆచార్యులు నాన్సీ లెవెసన్ ప్రతిపాదించిన స్టాంప్ నమూనా, విశ్వసనీయతా గణితం వంటివి. దామంజోడి శుద్ధి కర్మాగారంలో గానీ, రిఫైనరీలో గానీ కొత్త యూనిట్ కట్టేటప్పుడు హాజోప్ బల్ల దగ్గర కూర్చోగలిగేది ఇవి తెలిసినవారే.

ఒక హెచ్చరిక ఉంది. ఇండస్ట్రియల్ ఇంజనీరింగులోనో సిస్టమ్స్‌లోనో పట్టా ఎంత గొప్ప సంస్థదైనా, దాని పేరులో పారిశ్రామిక భద్రత లేకపోతే సేఫ్టీ ఆఫీసరు పదవికి అది రెండో షరతును తీర్చదు. భద్రత పేరు ఉన్న ఎం.టెక్.కు కూడా ఆ రాష్ట్రం గుర్తింపు ఉందో లేదో చూడాలి. డిప్లొమా ఉన్న సహోద్యోగికి సంతకం పెట్టే అధికారం ఉండి, ఎం.టెక్. ఉన్న మీకు లేకపోవడం జరగగలదు.

మేనేజ్‌మెంట్ పీజీలు

ఈ భాగాన్ని క్లుప్తంగా ముగిస్తాను. 2023లో ఐఐఎం ముంబయిగా మారిన నిటీ, ఒకప్పుడు పారిశ్రామిక భద్రత, పర్యావరణ నిర్వహణల మీద ప్రత్యేక పీజీ కోర్సు నడిపేది. తర్వాత ఆ మొగ్గు సస్టైనబిలిటీ వైపు మళ్లింది. క్యాట్ రాసి అక్కడ చేరగలిగినవారు సాధారణంగా కార్పొరేట్ కార్యాలయాల్లోను, కన్సల్టెన్సీలలోను స్థిరపడతారు. కర్మాగారం గేటు లోపల ఉండాలనుకునేవారికి ఇరవై మూడేళ్ల వయసులో మేనేజ్‌మెంట్ పీజీ తొందరపాటే. పదేళ్ల అనుభవం తర్వాత చేస్తే అది పనికొస్తుంది, అప్పుడు కంపెనీయే ఖర్చు భరించవచ్చు కూడా.

చెల్లని చోట్లు

ఫ్యాక్టరీల కోసం పైన చెప్పిన అర్హతలు గనులకు వర్తించవు. సూర్జాగఢ్ ఇనుప గనికి, బల్లార్‌పూర్ బొగ్గు గనులకు, పంచపట్‌మాలి బాక్సైటు గనికి వెళ్లదలచినవారు ఫ్యాక్టరీల డిప్లొమా మీద ఆశ పెట్టుకోకూడదు. 1952 గనుల చట్టం ఇప్పుడు కొత్త కోడ్‌లో కలిసిపోయినా, గనుల నిబంధనలు వేరు. బొగ్గు గనిలో సేఫ్టీ ఆఫీసరు కావడానికి మైనింగ్ చదివి, ధన్‌బాద్‌లోని డీజీఎంఎస్ (గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్) నిర్వహించే పరీక్షలో మేనేజరు సర్టిఫికెట్ సంపాదించాలి. మెకానికల్ ఇంజనీరు ఎంత సేఫ్టీ చదివినా ఆ తలుపు తెరుచుకోదు.

నెబోష్ బ్రిటన్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్. గల్ఫ్ దేశాల్లో నిర్మాణ, చమురు రంగాల కాంట్రాక్టర్లు దాన్ని అడుగుతారు కాబట్టి అటు వెళ్లేవారికి అది విలువైనదే. ఇక్కడి ఫ్యాక్టరీలో చట్టం కోరే డిప్లొమాకు బదులుగా మాత్రం అది చెల్లదు. వారం రోజుల శిక్షణతో సేఫ్టీ ఆఫీసరు అవుతారని బరంపురం, విశాఖ గోడల మీద కనిపించే ప్రకటనలను ఈ దృష్టితో చదవండి.

దూరవిద్య గురించి ఒడిశా నుంచే వెళ్లిన ఒక కేసు చాలా చెబుతుంది. ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు, ఏఐసీటీఈ అనుమతి లేకుండా డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలు చెల్లవని తేల్చింది. పదోన్నతి కోసం ఆ పట్టాలు తెచ్చుకున్నవారు నష్టపోయారు. సేఫ్టీ డిప్లొమాను ఇంట్లో కూర్చొని పూర్తి చేయవచ్చని ఎవరైనా చెబితే, రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు ఉత్తర్వు ప్రతి చూపించమని అడగండి. చూపించలేకపోతే డబ్బు కట్టకండి.

విదేశాల్లో యార్క్ విశ్వవిద్యాలయం భద్రతా కీలక వ్యవస్థలకు, షెఫీల్డ్, టెక్సస్ ఏ అండ్ ఎం ప్రాసెస్ సేఫ్టీకి పేరున్నవి. రుణం తీసుకొని వెళ్లి తిరిగి రాయగడకో ఛత్రపురానికో వచ్చే ఉద్దేశం ఉన్నవారికి ఆ ఖర్చు తిరిగి రావడం కష్టం. డిజైన్ సంస్థల్లోనో పరిశోధనలోనో ఉండిపోదలచినవారికే అది సరిపోతుంది.

ఎవరికి ఏది

ఇప్పటికే ఏదో ఒక ఫ్యాక్టరీలో రెండేళ్లు పనిచేసి, ఇదే ప్రాంతంలో స్థిరపడదలచినవారు లేబర్ ఇన్‌స్టిట్యూట్ డిప్లొమాకే వెళ్లాలని నా సలహా. సాధ్యమైతే యాజమాన్యాన్ని స్పాన్సర్ చేయమని అడగాలి. కొత్త కోడ్ వల్ల వారికే ఆఫీసరు అవసరమున్నప్పుడు అడగడంలో తప్పు లేదు. పాలిటెక్నిక్ చదివినవారు ఐదేళ్ల అనుభవం పూర్తయ్యేదాకా ఆగి అదే చేయాలి, మధ్యలో దొరికే చిన్న కోర్సులకు డబ్బు తగలేయవద్దు. కెమికల్ ఇంజనీర్లకు మాత్రం డిప్లొమాకన్నా ఎం.టెక్. ఎక్కువ ఇస్తుందని నేననుకుంటాను, ఎందుకంటే స్టైరీన్ ట్యాంకు లాంటి సమస్యలో వారి మూల చదువు నేరుగా పనికొస్తుంది.

ఇంకా ఫైనలియర్‌లో ఉన్నవారికి ఒక వెసులుబాటు ఉంది. గేట్ స్కోరు ఫలితాలు వచ్చిన నాటి నుంచి మూడేళ్లు చెల్లుతుంది, ఆఫీసరు పదవికి కావలసిన అనుభవం రెండేళ్లు. ఫైనలియర్‌లోనే గేట్ రాసి, స్కోరు చేతిలో పెట్టుకొని ఫ్యాక్టరీలో చేరి రెండేళ్లు పనిచేస్తే, ఆ తర్వాత డిప్లొమా, ఎం.టెక్. రెండు దారులూ తెరిచే ఉంటాయి. పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది, మూడో సంవత్సరంలో ఉన్నవారు కూడా రాయవచ్చు. అయితే మూడో సంవత్సరంలో రాస్తే, రెండేళ్ల ఉద్యోగం పూర్తయ్యేసరికి ఆ స్కోరు గడువు ముగిసిపోతుంది కాబట్టి, దాన్ని సాధనగా భావించి ఫైనలియర్‌లో మళ్లీ రాయాలి.